గుడ్లు తీసింది ఆమె కాదు

మీరు ఆమెను దొంగ అన్నారు.

మదీనాగూడ, మియాపూర్, ప్రగతి నగర్ అపార్ట్‌మెంట్ల నుంచి ఆదివారం పొద్దున సంచి పట్టుకుని చేపలకు వచ్చిన మీరే. "చేప ఇంత లావుంది, గుడ్లేవి? నువ్వే తీసి దాచావు" అని నలుగురిలో అన్నారు. కొందరు మొహం మీదే అన్నారు. కొందరు ఇంటికెళ్ళి కాలనీ గ్రూపులో అన్నారు. ఏమీ అననివాళ్ళు ఆ పై వారం పక్క కత్తిపీట దగ్గర వరసలో నిలబడ్డారు. అదీ అనడమే.

ఆమె పోయిన మంగళవారం చనిపోయింది. మా చెరువు కట్ట పక్కన పదిహేనేళ్ళకు పైగా చేపలు కోసిన అక్క. కోడలు ఫోన్ చేసి చెప్పింది: "సారూ, అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఆనుకోని కూసున్నది. కూసున్నది కూసున్నట్టే ఒరిగింది." దవాఖానకు ఆటో మాట్లాడేలోపే అయిపోయిందట.

నేను కరపత్రాలు రాసే మనిషిని. ఫోన్ పెట్టేయగానే నా బుర్రలోకి వచ్చిన మొదటి వాక్యం "చెరువులోని విషమే ఆమెను చంపింది" అని. సిగ్గులేని బుర్ర. ఆమెకు చాలా ఏళ్ళుగా బీపీ. మాత్ర వేసుకుంటే కత్తిపీట ముందు కళ్ళు తిరుగుతున్నాయని ఆదివారాలు మానేసేది. ఆదివారాలతో మొదలై మిగతా వారాలూ మానేసింది. గుండె ఆగింది. అంతే జరిగింది. ఆమె విషయంలో ఒకసారి చూసినదానికన్నా ఎక్కువ రాసినవాణ్ణి నేను. దాని దెబ్బ ఆమెకే తగిలింది. రెండోసారి ఆ పని చెయ్యను.

చెరువు పేరు కూడా ఇక్కడ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఆమెది పాలమూరు వైపు ఊరు. మొగుడూ పెళ్ళాలు కూలికి వచ్చారు. మీలో కొందరు ఇవాళ మెడలో కార్డు వేసుకుని తిరిగే అద్దాల మేడల్లో ఒకదానికి ఆమె ఏడో అంతస్తు దాకా ఇసుక మోసింది. ఎప్పుడైనా ఆ దారిన ఆటోలో పోతుంటే తల బయటపెట్టి చూపించేది. "గా మెట్లకు ఇసుక మోసింది నేనే తమ్మీ. ఇప్పుడు పోయి ఎక్కుతనంటె కార్డు గీకుమంటరు." నవ్వుతూనే అనేది. మేడ పూర్తయిన ఏడాదే మొగుడు పోయాడు. కట్ట మీద చేపలు కోసే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని పని నేర్చుకుంది, అక్కడే ఒక పీట వేసుకుంది.

మీకు ఆమె మొహం గుర్తుండదు. చేతులు గుర్తుండొచ్చు. ముందు చేతులకు బూడిద రాసుకునేది, చేప జారకుండా. కుడికాలు పీట మీద వేసి, పొలుసు గీకి, మొప్పలు పీకి, అప్పుడు కడుపు దగ్గర ఒక్క క్షణం ఆగేది. "చూస్తవా సారూ?" అని అడిగేది. అందరినీ అడిగేది. ఎవరూ చూసేవాళ్ళు కాదు. కొందరు చెరువు వైపు తిరిగేవాళ్ళు, కొందరు ఫోన్ వైపు. "కడుపు కోస్తుంటె మొఖం తిప్పుకునేటోళ్ళే ముక్కలు మాత్రం లెక్కబెడ్తరు" అనేది, మనకు వినపడేలాగానే.

ఆ కట్ట మీద ఒక కట్టుబాటు ఉంది. పేగులు, మొప్పలు కోసేవాళ్ళ బకెట్లోకి. గుడ్లు మాత్రం కొన్నవాళ్ళవి. ముక్కలన్నీ కవర్లో వేశాక, గుడ్ల సంచిని చిట్లకుండా పైన పెట్టివ్వాలి. కోసే మనిషి దానిమీద చెయ్యి వేస్తే ఆ కట్ట మీద ఆమెకు పీట ఉండదు. ఆ ఒక్క నమ్మకం మీదే వాళ్ళ బతుకు.

మృగశిర కార్తె ప్రవేశించిన రోజు ఇక్కడ చేప తినని ఇల్లుండదు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మాకు ఈ ఆనవాయితీ తెలియదు, ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాం. పైగా గుడ్ల మీద మాకు మోజు ఎక్కువ. మా వైపు దాన్ని జన అంటాం. తొలకరికి చేపలు జనతో బరువెక్కి ఉంటాయి. కొన్నేళ్ళ క్రితం ఒక మృగశిర నాడు వరసలో గంటసేపు నిలబడి చెరువులో పట్టిన బంగారు తీగ ఒకటి కొన్నాను. రాగిరంగు పొలుసులుండే చేప, అది రెండు కిలోల పైచిలుకు తూగింది. అక్క చేతికిచ్చి ఫోన్లో పడ్డాను. ఏం మాట్లాడుతున్నానో చెప్పనా? చెరువుల పరిరక్షణ గురించి. చెరువుకు వీపు పెట్టి, చేతులూపుతూ.

ఇంటికెళ్ళాక మా ఆవిడ కవరు విప్పింది. "ఏవండీ, జన ఏదండీ? ఇంత తీగకి జన లేకపోవడమేంటి, మృగశిర నాడు! ఆవిడ తీసేసుకుంది, మీరు ఫోన్లో ఉండి ఉంటారు." ఉన్నాను కదా. కవరు పట్టుకుని వెనక్కి వెళ్ళాను.

"అక్కా, మా గుడ్లేవి?"

"లెవ్వు సారూ."

"ఆడచేపే కదా?"

"ఆడదే. అయినా లెవ్వు. ఉంటె నీ కవర్లనే ఏద్దును గద."

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "నాకూ పోయిన వారం ఇంతే సార్. వీళ్ళు పక్కన అమ్ముకుంటారు." ఇంకొకాయన "అందరూ దొంగలే" అన్నాడు. ఇక నేను, దోపిడీ మీద ఇరవై ఏళ్ళుగా కాగితాలు నలుపు చేస్తున్న నేను, ఏమన్నానో తెలుసా? గొంతు తగ్గించి, మర్యాదగా, "అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదక్కా, ఇలా తీసుకోవడం ఎందుకు" అన్నాను. నలుగురూ అన్న మాట కన్నా నాది నీచమైన మాట. వాళ్ళు దొంగ అన్నారు. నేను దొంగతనాన్ని క్షమించాను.

ఆమె లేచి నిలబడింది. పేగుల బకెట్ ఎత్తి బండ మీద బోర్లించింది. "చూడు. గిది నీ తీగ పేగు. గిది కాలేయం, ఎట్ల పాలిపోయి ఉన్నదో చూడు. గుడ్లు ఎక్కడున్నయో నువ్వే ఏరుకో." వాసనకు నేను మొహం తిప్పుకున్నాను. "మొఖం తిప్పకు సారూ. దొంగ అన్నోడు చూడాలె."

చూశాను. గుడ్లు లేవు. ఏదో గొణిగి వచ్చేశాను.

ఆ పై ఆదివారం నుంచి ఆమె పని తీరు మార్చేసింది. కొన్నవాళ్ళు వంగి చూస్తే తప్ప కడుపు కొయ్యదు. ఎవరైనా ఫోన్లో ఉంటే చేప పీట మీదే ఉంటుంది, కత్తి కదలదు. "మాట్లాడి రా సారూ. అప్పటిదంక కొయ్య." కోశాక బస్సు కండక్టర్ స్టాపులు చెప్పినట్టు గట్టిగా చెప్పేది. "మగ." "ఆడ. గుడ్లున్నయ్." "ఆడ. గుడ్లు లెవ్వు." వరస నత్తనడక నడిచేది. ఐటీ పిల్లలు గొణుక్కుని పక్క పీటకు వెళ్ళిపోయేవాళ్ళు. "పోనీ, ఫికర్ లేదు" అనేది. ఫికర్ ఉంది. మధ్యాహ్నానికి మిగతా మూడు పీటల వాళ్ళూ బకెట్లు కడుక్కుని వెళ్ళిపోతుంటే ఆమె ఇంకా ఖాళీ పీట ముందు గిరాకీ కోసం కూర్చుని ఉండేది.

నేను వెళ్తూనే ఉన్నాను. సిగ్గుతో వెళ్ళాను, చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. అలా నిలబడి వినగా వినగా ఒకటి అర్థమైంది. లారీలో కోస్తా నుంచి వచ్చిన చేపలకు గుడ్లు ఉండాల్సిన కాలంలో ఉంటున్నాయి. ఈ చెరువులో పట్టినవాటికి "లెవ్వు" అన్న మాట ఎక్కువగా వినపడుతోంది. ఆ విషయం అక్కకు నాకన్నా రెండేళ్ళ ముందే తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. దొంగ అనడానికి వచ్చాం గాని, అడగడానికి ఎవరొచ్చాం?

ఒక రోజు దూరం నుంచే పిలిచింది. "సారూ, జర ఇటు రా." పీట మీద బంగారు తీగ. మగది. మగచేప కడుపులో తెల్లగా, మెత్తగా సంచి ఉంటుంది. ఈ చేపకూ ఉంది. అయితే ఆ సంచి లోపల గసగసాలు కలిపినట్టు పసుపుపచ్చటి గింజలు. వేలితో విడదీసి చూపించింది. "ఇవి గుడ్లే. మగదాంట్ల గుడ్లు. ఇన్నేండ్లల్ల గిట్ల చూడలే."

ప్రగతి నగర్‌లో నాకు తెలిసిన జువాలజీ మేడం ఉన్నారు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆ సంచిని ఉప్పు వేసి పచ్చడి సీసాలో పెట్టి ఇద్దరం ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాం. మేడం సీసా ఎత్తి చూసి, "ఉప్పులో ఊరేసి తెచ్చారేంటండీ, ఇదేమైనా ఆవకాయా?" అన్నారు. తర్వాత కళ్ళజోడు మార్చుకుని సీసాను వెలుతురుకు పట్టి చూశారు. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగారు. కాలేయాలు ఏ రంగులో ఉంటున్నాయి? ఎప్పటి నుంచి? ఏ చేపల్లో? అక్క చెబుతుంటే ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. "జీవితమంతా చేప గురించి పాఠం చెప్పానమ్మా. ఇన్ని కడుపులు నేను చూళ్ళేదు" అన్నారు. అక్క కుర్చీలో కాస్త వెనక్కి జరిగి కూర్చుంది. అప్పటిదాకా అంచు మీదే కూర్చుని ఉంది.

మేడం చెప్పింది నాకు అర్థమైనంత మేరకు రాస్తున్నాను.

నీళ్ళు అంటకుండా, మరక పట్టకుండా, వేడికి మాడకుండా ఉండాలని మనం తయారు చేసుకున్న రసాయనాలు కొన్ని ఉన్నాయి. ఫ్యాక్టరీల్లో నూనెల్లో, పూతల్లో, కడిగే ద్రావకాల్లో వాడేవి ఇంకొన్ని. వీటిలో చాలావాటి గుణం ఒకటే, అవి విరగవు. ఎండకు చావవు, నీళ్ళలో కుళ్ళవు, సూక్ష్మజీవులు తినలేవు. నాలాలోంచి చెరువులోకి వచ్చి అడుగు బురదలో కూర్చుంటాయి. బురదను పురుగు తింటుంది, పురుగును చేప తింటుంది. బంగారు తీగ బురదను తవ్వుకుని తినే చేప కాబట్టి దానికి వాటా ఎక్కువ. వచ్చింది బయటికి పోదు. కొన్ని కొవ్వులో చేరతాయి, కొన్ని రక్తంలో, కాలేయంలో ఉండిపోతాయి.

"అది చేపని చంపెయ్యదు, అదే దాంతో చిక్కు" అన్నారు మేడం. "చచ్చి తేలితే టీవీ వాళ్ళు వస్తారు. ఇది తేలదు. మీ అపార్ట్‌మెంట్‌లో ఇంటర్‌కామ్ ఉంది కదండీ? పైనుంచి ఫోన్ చేసి 'పంపించు' అంటే వాచ్‌మన్ గేటు తీస్తాడు. ఒంట్లో హార్మోన్ ఆ ఫోన్ లాంటిది. ఈ రసాయనాల్లో కొన్నిటి గొంతు అచ్చం ఆ హార్మోన్ గొంతులా ఉంటుంది. గుడ్డులో పచ్చసొన తయారయ్యేది ఆడచేప కాలేయంలో. మగచేప కాలేయానికీ ఆ పని వచ్చు, కాని పిలుపు రాదు కాబట్టి ఊరుకుంటుంది. ఇప్పుడు ఎవరో పిలుస్తున్నారు. అది అక్కర్లేని పని మొదలుపెడుతుంది. కాలేయం అలిసిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంకొన్ని రసాయనాలు అసలు పిలుపునే అందనివ్వవు. అప్పుడు ఆడచేపలో గుడ్లు ఎదగవు. కొన్ని థైరాయిడ్‌ని పట్టుకుంటాయి, పిల్లలు పుట్టినా సరిగ్గా పెరగవు."

అక్క అంతా విని అంది. "అంటే దొంగ కబురు పంపుతుండ్రన్నట్టు."

"అంతేనమ్మా."

నేను అప్పటికే మనసులో శీర్షిక రాసేసుకున్నాను. మేడం నా మొహం చూసి కనిపెట్టారు. "ఆగండి. గుడ్లు పెట్టేసిన చేపలోనూ గుడ్లుండవు. డ్రైనేజీ నీళ్ళలో గాలి ఆడకపోయినా ఎదగవు. తిండి చాలకపోయినా అంతే. ఒక్క సీసాతో ఏదీ రుజువు కాదు. బురద, చేప కాలేయం ల్యాబ్‌లో పరీక్ష చేయాలి." ఆ తర్వాత అక్కను అడిగారు. "ఈ చేపని పట్టాక దేంట్లో ఉంచారమ్మా?"

"డ్రమ్ముల."

"ఏ డ్రమ్ము?"

"నీలం డ్రమ్ము మేడం. సగానికి కోపిచ్చిన. నాలా మీద షెడ్ల కాడ కొన్న."

మేడం నోట్‌బుక్ మూసి పక్కన పెట్టారు. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. చెరువుకు పైన, నాలా ఒడ్డున ఆ షెడ్లున్నాయి. ఫ్యాక్టరీల నుంచి రసాయనాలు ఖాళీ అయిన డ్రమ్ములు తెచ్చి, కడిగి, జనానికి అమ్ముతారు. కడిగిన నీళ్ళు ఒక పైపులోంచి నాలాలో పడతాయి. నాలా చెరువులో పడుతుంది. ఆ చెరువు చేపను కోసేదాకా అక్క ఆ డ్రమ్ములోనే బతికించి ఉంచుతోంది. "కడుపులో మార్పు గంటలో రాదు, నెలలు పడుతుంది, అది చెరువులోనే వచ్చింది" అన్నారు మేడం. "కానీ ల్యాబ్‌కి ఈ చేప పనికిరాదు. ఏది బయటపడినా డ్రమ్ములోంచి అంటిందంటారు."

"నా సాక్ష్యాన్ని నా డ్రమ్మే పాడు చేసింది" అంది అక్క. ఎవరినో తిట్టినట్టు కాదు. వాన వచ్చింది, తడిశాం అన్నట్టు.

ఇక్కడ మీరు అక్కను చూసి నవ్వుకుంటే ఒక్కసారి మీ సెల్లార్‌లోకి వెళ్ళిరండి. మంజీరా నీళ్ళు రాని రోజు కోసం పెట్టుకున్న నీలం డ్రమ్ము ఉంటుంది. మీ బిల్డింగ్ కట్టేటప్పుడు గోడలు తడపడానికి ఒకటి, గృహప్రవేశంలో వంటవాళ్ళ నీళ్ళకు ఒకటి. ఎక్కడ కడిగారో అడిగారా? నేనూ అడగలేదు. మా బాల్కనీలో తులసి మొక్కకు నీళ్ళు పోసే డ్రమ్ము అక్కడిదే.

తిరిగి వస్తుంటే ఆటోలో అడిగింది. "రాస్తవా?"

"రాస్తాను."

"షెడ్ల సంగతి రాయి, పైపు సంగతి రాయి. చేప సంగతి రాయకు తమ్మీ. చేప పేరు ఎత్తినవంటె నా పీట లేస్తది." సారు పోయి తమ్ముణ్ణయింది ఆ రోజే. నేను మాటిచ్చానో, ఊరికే తలూపానో ఇప్పుడు గుర్తులేదని చెప్పుకుంటూ ఉంటాను. గుర్తుంది. మాటిచ్చాను.

కరపత్రం వేశాను. "ఈ చెరువు చేప తింటున్నారా? ఆగండి!" అని శీర్షిక. చెరువు పేరు పెద్ద అక్షరాల్లో. "చేపలన్నీ" అని రాశాను, చూసింది కొన్నిటినే. షెడ్లు, పైపు రెండో పేజీలో. పైపు గురించి ఎవడూ చదవడు, కంచం గురించి అయితే చదువుతాడని నా లెక్క. లెక్క తప్పలేదు. రెండు రోజుల్లో అన్ని కాలనీ గ్రూపుల్లోకీ ఎక్కింది. రెండో పేజీని ఎవరూ ఫొటో తీయలేదు.

మూడో వారానికి కట్ట మీద నాలుగు పీటలూ లేచిపోయాయి. కాలనీల వాళ్ళు అర్జీ పెట్టారు, ఆరోగ్యం కోసమట. చెరువు చుట్టూ ఇనుప జాలీ కంచె వేశారు, నడక దారి వేశారు. "మేము చెరువుని కాపాడుకుంటున్నాం సార్, మీ కరపత్రమే స్ఫూర్తి" అని ఒక అసోసియేషన్ ప్రెసిడెంట్ నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. షెడ్లలో ఒక్కదానికీ తాళం పడలేదు. పైపు మీద ఒక బండ పరిచారు, బండ మీద పూలకుండీలు పెట్టారు. దాని పక్క నుంచే మీరు రోజూ పదివేల అడుగులు నడుస్తున్నారు.

ఆమె మియాపూర్ బస్ డిపో వెనక సందులోకి మారిందని విని వెళ్ళాను. లారీ చేపలు కోస్తోంది. నన్ను చూసి "రా తమ్మీ, చాయ్ తాగుతవా?" అంది. తిడుతుందేమోనని సిద్ధపడి వెళ్ళినవాణ్ణి. చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి, పుట్టుబుద్ధి పోతుందా, వాదించాను. తినేవాళ్ళకు తెలియాలి కదక్కా అన్నాను. ప్రజల ఆరోగ్యం అన్నాను.

"తెల్వాలె. తెల్వొద్దన్ననా? ఎవరు పోసిండ్రో అది గూడ తెల్వాలె అన్న." చేతులకు బూడిద రాసుకుంది. "నువ్వు అబద్ధం రాయలే తమ్మీ. పెద్దగ రాసినవ్. పెద్దగ రాస్తె పెద్దోళ్ళకు తగుల్తదనుకున్నవ్. పైపు బరువుంటది, చేప అల్కగుంటది. అల్కటిదాన్ని ఎత్తి చూపెట్టినవ్."

నా జన్మలో నా రాతల మీద వచ్చిన విమర్శ అదొక్కటే. మిగతావన్నీ అభిప్రాయాలు.

ఒకటి మాత్రం ఆమె మానలేదు. ఏటా మృగశిర నాడు పొద్దున్నే, డిపో దగ్గర గిరాకీ జోరుగా ఉండే రోజు, పని కోడలికి అప్పజెప్పి పాత కట్టకు వెళ్ళేది. చెరువులో ఇంకా వల వేసే ఒకరిద్దరు ఉన్నారు. వాళ్ళ దగ్గర ఒక్క చేప తీసుకుని, కడుపు కోసి, చూసి వచ్చేది. అమ్మడానికి కాదు, తినడానికీ కాదు. ఎందుకక్కా అంటే, "దొంగ అనిపిచ్చుకున్న గద. దొంగ దొరికిండా లేదా అని చూసొస్త" అనేది.

ఈ మృగశిరకు నన్నూ రమ్మంది. జాలీ పక్కన సందులోంచి దిగాం. వల వేసే ఆయన బంగారు తీగను తీసి పక్కనున్న డ్రమ్ములో వేయబోతుంటే "డ్రమ్ముల ఎయ్యకు, నా చేతికియ్యి" అని తీసుకుంది. గోనెసంచిలోంచి కత్తిపీట తీసి బండ మీద పెట్టింది. నడక దారి మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళు మమ్మల్ని చూసి, ముక్కు మూసుకుని, పక్కకు తప్పుకుని పోతున్నారు. ఆమె పొలుసు గీకింది. కడుపు దగ్గర ఆగి నా వైపు చూసింది. నేను వంగాను.

గుడ్లు ఉన్నాయి. ఆ సైజు చేపకు ఉండాల్సినన్ని లేవు, సగం కూడా లేవేమో. అరచేతిలో పట్టేంత, లేత పసుపు. ఆమె వాటిని చిట్లకుండా తీసి, చెయ్యి చాపి నాకు చూపించింది. "చూడు. తక్కువనే. గని ఉన్నయ్. చెరువు ఇంక సావలే తమ్మీ."

ఒక్క చేపతో ఏదీ రుజువు కాదని మేడం చెప్పారు. అది ఈ చేపకూ వర్తిస్తుంది. అక్కకూ తెలుసు. అయినా ఆ చెయ్యి చాలాసేపు దించలేదు.

"ఇగ రాయి" అంది. "నేను చెప్పినట్టు రాయి. పెద్దగ రాయకు." ఆమె కత్తిపీట కడుగుతూ చెబుతుంటే నా జేబులో ఉన్న కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను. వెంటనే అచ్చు వేయాల్సింది. పీఠిక బాగుండాలి, భాష పదును పెట్టాలి అని రెండు నెలలు దాన్ని దిద్దుతూ కూర్చున్నాను. ఆమె మంగళవారం వెళ్ళిపోయింది. దిద్దిందంతా చించేశాను. బిల్లు వెనక ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను. నంబర్లు మాత్రమే నావి.

1. నాలా మీది షెడ్లల్ల డ్రమ్ములు కడుగుడు బంద్ జెయ్యాలె. ఆడ పనిజేసేటోళ్ళకు వేరే పని చూపెట్టినంకనే బంద్ జెయ్యాలె. వాళ్ళ పీటలు గూడ లేపద్దు.

2. పైపు మీద బండ తియ్యాలె. పూలకుండీలు ఇంకెక్కడన్న పెట్టుకోండ్రి. అండ్లకెళ్ళి ఏమొస్తున్నదో అందరికి కనవడాలె.

3. చెరువు బురద, చేప కాలేయం, రెండూ పరీక్ష జెయ్యాలె. చేపను వలలకెళ్ళి సీదా తీసుకోవాలె, డ్రమ్ముల ఏసినదాన్ని గాదు. ప్రతి మృగశిరకు జెయ్యాలె, ఒక్కసారి జేసి చేతులు దులుపుకునుడు గాదు.

4. ఏమొచ్చిందో తెలుగుల రాసి కట్ట మీద బోర్డు పెట్టాలె. ఏ చేప తినొచ్చు, ఏది తినొద్దు, ఎవరు పోసిండ్రు, మూడూ ఒక్క బోర్డు మీదనే ఉండాలె.

5. మా నలుగురి పీటలు మాకియ్యాలె. పరీక్ష అయ్యేదంక లారీ చేపలే కోస్తం. ఒక నీళ్ళ నల్లా పెట్టియ్యాలె. నేను లేకుంటె నా కోడలు కూసుంటది.

6. నన్ను దొంగ అన్నోళ్ళు నా కోడలు పీట కాడికి వొచ్చి, గుడ్లు తీసింది మీ అత్త గాదని ఒక్క మాట చెప్పాలె. ముందుగాల నువ్వు చెప్పాలె తమ్మీ.

7. కడుపు కోసేటప్పుడు ఫోను జేబుల పెట్టుండ్రి. వంగి చూడుండ్రి.